మూర్ఛ అన్న మాట

ఇన్‌స్పెక్టరు కేసు ముగించిన నాలుగో రోజున నాకు ఆ ఈతకొలను లోపల అడుగుపెట్టే అవకాశం దొరికింది. ముగించాడని ఎందుకంటున్నానంటే, పత్రికలవాళ్ళకు ఆయన ఆ మాటే చెప్పాడు. పదకొండేళ్ళ పిల్ల శనివారం ఉదయం ఈత ముగించి గట్టు మీదికి వచ్చి, పడి, చనిపోయింది. ఆమె సవతి తల్లి చేతిసంచిలో గుండె మీద పనిచేసే మాత్రలు దొరికాయి. గట్టిగా అడిగితే ఆవిడ "నా వల్లే పోయింది" అని ఏడ్చింది. ఈ మూడింటినీ ఒక దారానికి గుచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆయన ఒక హంతకురాలిని సిద్ధం చేశాడు. హోటలు నడిపేవాడైతే ఆ వేగాన్ని నేనూ మెచ్చుకునేవాణ్ణి.

ప్రైవేటు డిటెక్టివ్‌గా నన్ను నియమించినవాడు ఆవిడ అన్న. గూడ్సు రైలు నడుపుతాడు. "మా చెల్లి చంపలేదు సార్" అన్నాడు. ఎందుకు చంపలేదో చెప్పడం అతనికి చేతకాలేదు. ఎందుకు చంపిందో చెప్పడం ఇన్‌స్పెక్టరుకూ అంతగా చేతకాలేదు కనుక, ఇద్దరిలో నిజాయితీ ఉన్నవాడి పక్షాన నిలబడ్డాను. ఆవిడతో మాట్లాడనివ్వమని మూడు రోజులు అడిగాను. కుదరదన్నారు. బుధవారం ఉదయం సంఘటనను మళ్ళీ నడిపించి చూస్తున్నామనీ, కావలిస్తే వచ్చి ఒక పక్కన నిలబడవచ్చనీ కబురు వచ్చింది. ఒక పక్కన నిలబడడం నాకు అలవాటు లేని పని.

ఎనిమిదీ నలభైకి చేరాను. పాతిక మీటర్ల కొలను. లోతు తక్కువ ఉన్న చివర మూడు మెట్లు. మెట్ల పైన గరుకు పలకల గట్టు. గట్టుకు ఆనుకుని ఒక బెంచీ, దాని వెనుక అద్దాల గోడతో ఆఫీసు గది. బెంచీ మీద నాయనమ్మ నిటారుగా కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో భాష బోధించి రిటైరైన మనిషి. అద్దాల గదిలో, ఆడ కానిస్టేబుల్ పక్కన, సవతి తల్లి తల వంచుకుని ఉంది. మెట్ల దగ్గర శిక్షకుడు మెడలోని విజిల్‌ను వేళ్ళతో తిప్పుతున్నాడు.

"రండి మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీకోసమే కేసు మూత పెట్టకుండా ఉంచాం."

"మూత పెట్టేశారని పేపర్లో చదివానే?"

"పేపరు వేరు, ఫైలు వేరు."

"నిజమే. పేపరును అచ్చేసేముందు ఎవరో ఒకరు దిద్దుతారు."

ఆయన నవ్వలేదు. వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు. "ఆరూ ఇరవైకి ఫ్లాస్కులో పాలు. పోసింది ఈవిడ. ఆరూ నలభైకి పిల్ల నీళ్ళలో దిగింది. ఏడింటికి లోపే ప్రాణం పోయింది. ఈవిడకు ఆ పిల్ల తండ్రి వల్లనే ఆరేళ్ళ సొంత కూతురుంది. ఇంట్లో తన కూతురొక్కతే మిగలాలనుకుంది. రెండేళ్ళ కిందట మొగుడు ఆఫీసు మెట్ల మీద పడి పోయాడు, అదీ ఈవిడ వడ్డించిన టిఫిను తిన్న గంటకే. ఇంకేం కావాలి మీకు?"

"రుజువు," అన్నాను. "అది దొరికేదాకా శిక్షకుడితో మాట్లాడతాను."

శిక్షకుడు మంచివాడిలా కనిపించాడు. మంచివాళ్ళ సాక్ష్యం తీసుకోవడం కష్టం. ఎదుటివాడికి ఏం కావాలో చూసి అదే చెబుతారు. అందుకని మనిషిని వదిలి అతని పుస్తకం అడిగాను. చెక్క స్కేలుతో గీతలు గీసుకుని, ప్రతి పిల్ల ఈతకూ సెకన్లు రాసుకునే పుస్తకం అది. శనివారం నాటి వరుసలో యాభై మీటర్లు నాలుగుసార్లు ఉన్నాయి. నలభై ఎనిమిది. నలభై ఏడు. నలభై అయిదు. నలభై రెండు.

"ఈ నలభై రెండు ఎలాంటిది?"

"అంతకుముందెప్పుడూ చేయలేదు సార్. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. మెట్లెక్కి గట్టు మీదకొచ్చి, 'ఎంత సార్?' అంది. వాచీ చూసి చెప్పేలోపే పడిపోయింది."

"చెప్పారా?"

"లేదు సార్." అతను నీళ్ళ వైపు చూశాడు. "వినలేదు తను."

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. "మీ దగ్గరున్న మాత్రలు గుండె వేగాన్ని తగ్గించేవి. ప్రాణం తీసేటంత మోతాదు పాలలో తాగిన పిల్ల ఇరవై నిమిషాల తర్వాత నీళ్ళలో దిగి, ప్రతిసారీ వేగం పెంచుకుంటూ పోయిందంటారు. అంతేనా?"

"చివరి ఊపు ఉంటుంది మాస్టారూ. దీపం ఆరేముందు..."

"దీపం సంగతి దీపం చూసుకుంటుంది. ఇది పిల్ల. ఆ మందు మితిమీరితే రెండో చుట్టు పూర్తికాదు. ఈ పుస్తకంలోని నాలుగు అంకెలు మీ ఫైలులోని నలభై పేజీలను కొట్టేస్తున్నాయి. వీటిని మీరు చూడలేదు, ఎందుకంటే ఇవి ఏడవలేదు."

శిక్షకుడు పక్కకు తిరిగి దగ్గాడు. పలకల మీద పిల్ల పడిన చోటు సుద్దతో గీసి ఉంది. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ గోడ దాకా నడిచాను. ఆరు అడుగులు. గోడకు తెల్లటి పెట్టె ఒకటి బిగించి ఉంది. దాని మూత మీది కాగితపు సీలు చిరగలేదు. పెట్టె పైన శిక్షకుడి పేరుతో ఒక సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది.

"ఇదేమిటి?"

"ఆగిపోయిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం సార్."

"వాడడం వచ్చా?"

"వచ్చు సార్. ఏటా పరీక్ష పెడతారు."

"పోయినసారి ఎన్ని మార్కులొచ్చాయి?"

"తొంభై ఆరు." చెప్పాక ఆ అంకెకు తానే సిగ్గుపడ్డాడు.

"తొంభై ఆరు మార్కులవాడు ఆరు అడుగుల దూరంలో నిలబడి శనివారం పొద్దున ఏం చేశాడు?"

విజిల్ తిప్పడం ఆగింది. "మూర్ఛ అన్నారు సార్," అన్నాడు మెల్లగా. "పెద్దమ్మగారు బెంచీ మీంచి లేచి అరిచారు. 'మూర్ఛ! ఎవరూ ముట్టుకోకండి, రెండు నిమిషాల్లో అదే లేస్తుంది' అని. చేతులు రెండుసార్లు అదిరాయి కూడా. నాలుక కరుచుకుంటుందని ఈ స్కేలు పళ్ళ మధ్య పెట్టాను. లేస్తుందేమో అని చూశాం."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. చుట్టు సమయం నొక్కాను గానీ వాచీ ఆపడం మర్చిపోయాను. దాంట్లో ఉంది."

స్కేలును కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో రెండు వైపులా చూశాను. మెత్తటి చెక్క, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. దాని మీద సిరా మరకలున్నాయి, పంటిగాటు ఒక్కటీ లేదు. కాళ్ళూ చేతులూ కొట్టుకునే రోగంలో దవడలు ఇనుప పట్టకారులా బిగుసుకుంటాయి. ఈ స్కేలును కరిచినవారెవరూ లేరు. పిల్ల నోరు వదులుగా ఉంది. రక్తం అందని మెదడు ఒకటి రెండుసార్లు చేతులను అదిరించి ఊరుకుంటుంది. అక్కడున్నవాళ్ళు దాన్నే రోగమనుకున్నారు.

బెంచీ మీద నాయనమ్మ పక్కన కూర్చున్నాను.

"మీ ఇంట్లో మూర్ఛ ఎవరికుందమ్మా?"

"మా ఇంట్లో ఎవరికీ ఏ రోగమూ లేదు." క్లాసులో అల్లరివాణ్ణి కూర్చోబెట్టే గొంతు అది.

"మరి ఆ మాట ఎందుకన్నారు?"

"ఏదో కంగారులో వచ్చేసింది."

"కంగారులో మనిషి 'డాక్టరు' అంటాడు, 'దేవుడా' అంటాడు. 'ఎవరూ ముట్టుకోకండి, రెండు నిమిషాల్లో అదే లేస్తుంది' అని కర్త, క్రియ సరిచూసుకుని వాక్యం పూర్తిచేయడు. అలా చెప్పాలంటే అంతకుముందు ఎవరో పడి, రెండు నిమిషాల్లో లేవడం కళ్ళారా చూసి ఉండాలి. ఎవరిని చూశారు?"

ఆవిడ పమిట సర్దుకుంది.

"పెద్దావిణ్ణి ఏడిపించకండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆవిడ ఫిర్యాదుదారు."

"మీరు ఏడుపునే సాక్ష్యంగా తీసుకుంటారు కదా, మీకే ఉపయోగం."

నాయనమ్మ కళ్ళజోడు తీసింది. "మా ఆయన్ని," అంది చివరికి. "మేడ మెట్లెక్కుతూ మూర్ఛపోయేవారు. రెండుసార్లు ఆయనే లేచారు. మూడోసారి లేవలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు."

"తర్వాత?"

"మా మరిది. పంతొమ్మిదేళ్ళవాడు, బస్సు వెంట పరిగెత్తి. ఆ తర్వాత నా కొడుకు." అద్దాల గది వైపు చూసి గొంతు పెంచింది. "వాడు మాత్రం ఈ మహాతల్లి మా గడప తొక్కాకే పోయాడు!"

"మీ ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"ముప్ఫై రెండు."

"ఈవిడకు ముప్ఫై ఒకటి. ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ముద్దాయి తాను పుట్టకముందే మొదటి హత్య చేసింది. ఫైలులో చేర్చండి." మళ్ళీ నాయనమ్మ వైపు తిరిగాను. "మూర్ఛ అని నిర్ధారించిన డాక్టరెవరు?"

"ఆయన నిర్ధారించేదేముంది? నేనే చెప్పాను, మూర్ఛపోయారని. ఆయన రాసుకున్నాడు."

"కాళ్ళూ చేతులూ కొట్టుకున్నారా? నోట నురగ వచ్చిందా?"

"అలాంటివేం లేవు. మొహం సున్నంలా తెల్లబడి కూలబడ్డారు."

మూడు తరాల మరణాలకు కారణం నాకు అక్కడ కనిపించింది. కనిపించిన క్షణంలో నాకు కలిగింది జాలి కాదని ఒప్పుకోవాలి.

"అమ్మా, మీరు భాష చెప్పిన టీచరు. స్పృహ తప్పడాన్ని ఏమంటారు?"

"మూర్ఛపోవడం."

"కాళ్ళూ చేతులూ కొట్టుకునే నరాల జబ్బును?"

"మూర్ఛ..." అంటూ ఆగిపోయింది.

"ఒకే మాట. మీరు చెప్పింది మొదటి అర్థంలో. డాక్టరు రాసింది రెండో అర్థంలో. ఆ చీటీ చదివి మీరూ రెండోదే నమ్మారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత నానార్థాలు వల్లె వేయించి, ఇంట్లో ఒక్క మాటకు రెండో అర్థం అడగలేదు. పైగా దాన్ని దాచారు."

"దాచక? మూర్ఛ ఉన్న ఇల్లని తెలిస్తే మా పిల్లల్ని ఎవరు చేసుకుంటారు?"

"లేని జబ్బును దాచడంలో ఉన్న జబ్బును చూసుకోలేదు. శవపరీక్ష రిపోర్టు ఇలా ఇవ్వండి, ఇన్‌స్పెక్టర్ గారూ."

ఆయన ఫైలులోంచి కాగితం తీసి, బిచ్చం వేసినట్టు ఇచ్చాడు. "చదువుకోండి. చావుకు కారణం తేల్చకుండా అభిప్రాయం రిజర్వు చేశారు. విషం పరీక్ష రిపోర్టు రావాలి."

"విషమని అనుమానిస్తున్నామంటూ మీరు ముందే రాసి పంపితే ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? రెండో పేజీ చదివారా? ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు. గుండె బరువు మూడు వందల ఇరవై గ్రాములు."

"ఉంటే? పెద్ద మనసున్న పిల్ల."

"మీ గుండె కూడా దాదాపు అంతే ఉంటుంది. మీరు ఆరడుగుల మనిషి. ఆమె పదకొండేళ్ళ పిల్ల. అందులో సగం ఉండాలి. గుండెలో ఎడమ గదికీ కుడి గదికీ మధ్య గోడ మందం ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లని రాశాడు. పది దాటకూడదు. ఇది గుండె కండరం జబ్బు. కండరం దళసరెక్కి, పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. నడిచినంతసేపు ఏమీ తెలియదు. పరిగెత్తితే, మెట్లెక్కితే, ఈదితే ఒక్కోసారి లయ తప్పి ఆగిపోతుంది. పైకి చూస్తే ఆటల్లో ముందుండే పిల్ల. అడ్డంగా కోస్తేగాని కనబడదని అనుకుంటారు గానీ, బతికుండగా అరగంట స్కానింగు చాలు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తుంది. ఇక్కడ తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈ పిల్లకు."

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. ఓడిపోతున్నవాడు ఆఖరి ముక్క వేసినట్టు, సీలు వేసిన ప్లాస్టిక్ సంచిని బెంచీ మీద పడేశాడు. లోపల పద్నాలుగు గుంటల మాత్రల అట్ట. కొన్ని గుంటలు ఖాళీ. ఒక గుంటలో బ్లేడుతో కోసిన సగం మాత్ర.

"అయితే ఇవి ఎందుకున్నాయి మాస్టారూ? ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి సంచిలో గుండె మాత్రలేమిటి? నా వల్లే పోయిందని ఎందుకంది? చెప్పండి."

నాకు కావలసిన ప్రశ్న అదే. గొంతు సవరించుకున్నాను. ఆ క్షణంలో నేను అద్దంలో చూసుకుని ఉంటే, ఇన్‌స్పెక్టరు పత్రికలవాళ్ళ ముందు నిలబడిన భంగిమే కనబడేదని ఇప్పుడు అనుకుంటాను.

"ఎందుకంటే ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఈవిడకొక్కదానికే. భర్త పోయాక అనుమానం వచ్చింది. అత్తగారికి తెలియకుండా పెద్దపిల్లను గుండె డాక్టరుకు చూపించింది. ఆయనిచ్చిన మాత్రలు రహస్యంగా వేస్తోంది. ఈత మాన్పించలేకపోయింది. అందుకే నా వల్లే అని ఏడ్చింది. 'వల్ల' అనే విభక్తిని మీరు హత్యకింద నమోదు చేశారు. రేపు ల్యాబు రిపోర్టు వస్తుంది చూడండి. పిల్ల రక్తంలో ఈ మందు ఉంటుంది, డాక్టరు చెప్పినంతే ఉంటుంది."

"ఉండదు, బాబాయిగారూ."

అద్దాల గది తలుపు దగ్గర సవతి తల్లి నిలబడి ఉంది. కానిస్టేబుల్ ఆమె భుజం పట్టుకుని కూడా లాగడం లేదు.

"ఏమన్నావమ్మా?"

"పెద్దదాని రక్తంలో ఉండదు. దానికి నేను ఒక్క మాత్రా వేయలేదు. దాన్నింకా చూపించనే లేదు." నాలుగు రోజులుగా ఏడ్చి ఆరిపోయిన గొంతు. "ఆ మాత్రలు చిన్నదానివి."

ఇన్‌స్పెక్టరు ఆ సంచిని చేతిలోకి తీసుకున్నాడు.

"జలుబు చేస్తే తీసుకెళ్ళాను. గుండెలో చప్పుడు తేడాగా ఉందని స్కానింగు చేయించారు. ఈ జబ్బే అన్నారు. రోజూ పొద్దున సగం మాత్ర, ఒక్కరోజు కూడా మానకూడదు, పరుగులు వద్దు అన్నారు. అక్కనూ తీసుకురమ్మన్నారు. సోమవారానికి టైమిచ్చారు. అత్తయ్య వద్దంది. ఇంకో ఆస్పత్రి గడప ఎక్కితే మన మూర్ఛ సంగతి ఊరంతా తెలుస్తుందంది. ఈత ఆపమని కోచ్ గారికి చెప్పాను. అత్తయ్య పోటీలున్నాయని మళ్ళీ పంపింది. సోమవారం దాకా ఆగుదాంలే అనుకున్నాను. శనివారమే పోయింది." నన్నే చూస్తూ అంది, "నా వల్ల కాదా మరి?"

పదకొండేళ్ళ పిల్లకు సగం మాత్ర ఎందుకు కోస్తారని నేను నన్ను అడగలేదు. ఆ సగం నా కళ్ళెదుటే ఉంది. నాకు అప్పగించిన కేసు చనిపోయిన పిల్లది కనుక, బతికున్న పిల్ల నా లెక్కలోకి రాలేదు. తండ్రి నుంచి ఏ బిడ్డకైనా వచ్చే అవకాశం సగానికి సగమని పాఠం చెప్పగలవాణ్ణి, రెండో బిడ్డ పేరెత్తలేదు.

"ఈ సంగతి పోలీసులకు చెప్పలేదా?"

"రోజూ చెప్పాను. ఆ మాత్రలు ఇంటికి పంపండి, చిన్నదానికి వేయాలి అని."

నేను ఇన్‌స్పెక్టరును చూశాను. ఆయన ఫైలు తెరవలేదు. అందులో ఏముందో ఆయనకు గుర్తుంది.

"సాక్ష్యాన్ని... మాయం చేయాలని అడుగుతోందనుకున్నాను," అన్నాడు. "అలాగే రాశాను. ఆరేళ్ళ పిల్లకు గుండె జబ్బేమిటని మావాళ్ళందరం నవ్వాం."

ఆదివారం, సోమవారం, మంగళవారం, ఇవాళ. నాలుగు పొద్దులు. ఈ మందు ఉన్నట్టుండి ఆపేస్తే, అణిగి ఉన్న గుండె ముందుకన్నా ఎక్కువగా చెలరేగుతుంది.

"పిల్ల ఎక్కడుంది?" అని నాయనమ్మను అడిగాను.

"దానికేం కాదు," అంది ఆవిడ, కానీ గొంతులో టీచరు లేదు. "అది మా పోలిక కాదు. అచ్చం వాళ్ళమ్మ పోలిక. ముక్కూ మొహం అన్నీ..."

"గుండెకు ముక్కూ మొహం ఉండవు! ఎక్కడుంది?"

"బడికి పంపాను. ఇంట్లో ఏడుపుల మధ్య ఎందుకని. ఇవాళ వాళ్ళకు ఆటలట. అందరితో పాటు తిరిగితే మరిచిపోతుందని నేనే సంతకం పెట్టి..."

తల్లి నోటి నుంచి వచ్చిన శబ్దం మాట కాదు. ఇన్‌స్పెక్టరు అప్పటికే సాక్ష్యపు సంచి సీలును పళ్ళతో చింపుతున్నాడు. రెండో చేత్తో బడి నంబరు నొక్కి, ఫోను బెంచీ మీద పెట్టాడు. అతని మీద నాకు కలిగిన మొదటి గౌరవం అది. నామీద నాకున్నది అంతకుముందే పోయింది.

ఆరుసార్లు మోగాక ఒక గుమాస్తా ఎత్తాడు.

"ఏ తరగతండీ? ఒకటా? సెక్షను చెప్పాలి. అలా పేరు చెబితే మాకెలా తెలుస్తుంది?"

"'బి'!" అని అరిచింది తల్లి.

"ఆఁ, ఉంది. పరుగుపందెంలో పేరుంది. గార్డియను సంతకం కూడా ఉంది, అన్నీ సరిగానే ఉన్నాయండీ."

"నేను పోలీసు ఇన్‌స్పెక్టర్ని. ఆ పిల్లను పరిగెత్తనివ్వకండి. వెంటనే వెళ్ళి ఆపండి."

"ఇన్‌స్పెక్టరు గారైతే కాగితం మీద రాసి పంపండి సార్. పిల్లల్ని గీత మీద నిలబెట్టేశారు, ఇక్కణ్ణుంచి కనబడుతోంది. ఐదు నిమిషాలాగి చేయండి, పందెం అయ్యాక మాట్లాడిస్తాను."

పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ నొక్కాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. తల్లి అప్పటికే గేటు దాటి పరిగెడుతోంది, వెనక కానిస్టేబుల్.

గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది. నా కేసు గెలవడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టింది. బడికి జీపులో పదకొండు నిమిషాల దారి. ఒకటో తరగతి వాళ్ళ పందెం యాభై మీటర్లు.